ఆరితేనే తెలిసేది అత్తరు

జుమా రోజు మధ్యాహ్నం మస్జిదు మెట్ల దగ్గర కనిపించే దృశ్యం మన పాఠకులకు కొత్త కాదు. ఓ పక్కగా చెక్కపెట్టె తెరుచుకుని, అందులో చిన్న చిన్న గాజు శీసాలు వరుసగా పేర్చుకుని అత్తరు సాయిబు కూర్చుని ఉంటాడు. వచ్చేపోయే వారి చేయి ఆప్యాయంగా అందుకుని, గాజు పుల్లతో ముంజేతి మీద సన్నని గీత గీస్తాడు. ముక్కు దగ్గర పెట్టుకుంటే గులాబీ తోటలో నిలబడినట్టు ఉంటుంది. బేరం కుదురుతుంది, శీసా జేబులోకి చేరుతుంది.

కొన్నేళ్ళ క్రితం మేమూ అలాగే ఓ శీసా కొన్నాం. ఈద్ కోసం కొన్న గులాబీ అత్తరు అది. ఫజ్ర్ తర్వాత గుసుల్ చేసి, కొత్త బట్టలు తొడుక్కుని పూసుకున్నాం. ఈద్‌గాహ్‌లో ఆలింగనం చేసుకున్న వారంతా మెచ్చుకున్నారు. జొహర్ వేళకు చూస్తే గులాబీ జాడ లేదు. చేతి మీద మిగిలింది మెత్తని గంధపు వాసన. "గులాబీ అని చెప్పి గంధం అంటగట్టాడు" అనుకున్నాం. తర్వాతి శుక్రవారం మస్జిదు మెట్ల మీదే, నలుగురూ వింటుండగా ఆ మాట అనేశాం.

ఆయన కోపగించుకోలేదు. డబ్బు తిరిగి మా చేతిలో పెట్టాడు. అదే శీసాలోంచి ఓ చుక్క తీసి మా ముంజేతికి రాసి, "బాబూ, ఇప్పుడు చూడండి. నమాజు అయ్యాక చూడండి. అసర్‌కు చూడండి, మగ్రిబ్‌కు చూడండి. ఆ తర్వాత మీ ఇష్టం" అన్నాడు. మేము నవ్వి వచ్చేశాం. ఆయన మాటలో ఎంత విద్య ఉందో, మా మాటలో ఎంత తప్పు ఉందో తెలుసుకోవడానికి చాలా కాలం పట్టింది. ఆ తెలుసుకున్నదే ఈ వారం పాఠకులతో పంచుకుంటున్నాం.

సువాసన ఒక సంప్రదాయం

ఇస్లాంలో సువాసన కేవలం సింగారం కాదు. దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) సువాసనను ఎంతగానో ఇష్టపడేవారు. ఎవరైనా సుగంధద్రవ్యం కానుకగా ఇస్తే ఆయన కాదనేవారు కాదని హజ్రత్ అనస్ (రజి) తెలిపారు. జుమా రోజున స్నానం చేసి, శక్తిమేరకు శుభ్రపడి, తలకు నూనె రాసుకుని లేదా ఇంట్లో ఉన్న సుగంధం పూసుకుని మస్జిదుకు వెళ్ళి, కూర్చున్న ఇద్దరి మధ్య దూరకుండా, తనకు నిర్ణయించిన నమాజు చేసి, ఇమామ్ ప్రసంగాన్ని మౌనంగా విన్న వ్యక్తికి ఆ జుమాకూ గత జుమాకూ మధ్య జరిగిన పాపాలు మన్నించబడతాయని హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి) ఉల్లేఖించిన హదీసు బుఖారీలో ఉంది.

ఇందులో ఒక చిన్న విషయం గమనించాలి. ఇంట్లో ఏది ఉంటే అది చాలు. ఖరీదైనదే కావాలన్న షరతు లేదు.

సువాసన ఎంతసేపు నిలుస్తుందనే ముచ్చట కూడా హదీసు గ్రంథాల్లో కనిపిస్తుంది. దైవప్రవక్త (సఅసం) ఇహ్రామ్ ధరించక ముందు హజ్రత్ ఆయిషా (రజి) స్వయంగా ఆయనకు సుగంధం పూసేవారు. ఇహ్రామ్‌లోకి వెళ్ళాక కొత్తగా సుగంధం పూసుకోకూడదు. కానీ ముందు పూసిన దాని మెరుపు ఆయన పాపిట్లో ఇప్పటికీ తన కళ్ళకు కడుతున్నదని ఆమె తర్వాతి రోజుల్లో గుర్తుచేసుకున్నారు. పూసిన క్షణంతో సుగంధం కథ ముగిసిపోదు, అక్కడే మొదలవుతుంది.

ఒక చుక్క చేసే ప్రయాణం

తడి బట్ట దండెం మీద ఆరుతుంది. దాన్ని మరిగించాల్సిన పని లేదు. నీటి అణువులు ఒక్కొక్కటిగా గాలిలోకి లేచిపోతాయి. అత్తరు కూడా అంతే. అయితే నీరు ఒకే పదార్థం. అత్తరు చుక్కలో పదుల కొద్దీ, కొన్నింటిలో వందల కొద్దీ పదార్థాలు కలిసి ఉంటాయి. అవన్నీ ఒకే వేగంతో ఆరవు. తేలికైనవి ముందు లేచిపోతాయి, బరువైనవి చర్మాన్ని పట్టుకుని ఉంటాయి. మన ముక్కుకు చేరేది గాలిలోకి లేచినదే కాబట్టి, గంట గంటకూ మనకు తెలిసే వాసన మారుతూ పోతుంది.

ఈ తేడా ఎంత ఉంటుందో మూడు ఉదాహరణలు చూద్దాం. నిమ్మ, నారింజ తొక్కల్లో ఉండే లిమోనీన్ సుమారు 176 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది. గులాబీ పరిమళంలో ముఖ్యమైన ఫినైల్ ఇథైల్ ఆల్కహాల్ సుమారు 220 డిగ్రీల దగ్గర మరుగుతుంది. గంధపు నూనెకు ప్రాణమైన శాంటలాల్ మరగాలంటే 300 డిగ్రీలు దాటాలి. మన చర్మం పైభాగం వేడి సుమారు 32 నుంచి 34 డిగ్రీలే. ఆ కొద్దిపాటి వేడికి నిమ్మ నిమిషాల్లో ఎగిరిపోతుంది. గులాబీ కొన్ని గంటలు ఉంటుంది. గంధం మరునాటి దాకా ఉన్నా ఆశ్చర్యం లేదు.

(పేరులో ఆల్కహాల్ అని ఉన్నందుకు కంగారు పడనక్కర లేదు. రసాయన శాస్త్రంలో ఒక పెద్ద కుటుంబానికి ఆ పేరు ఉంది. గులాబీలో ఉన్నదీ, గంధంలో ఉన్నదీ ఆ కుటుంబంలోవే. మత్తు కలిగించే మద్యంతో వాటికి సంబంధం లేదు.)

సుగంధ నిపుణులు ఈ ప్రయాణాన్ని మూడు మజిలీలుగా చెబుతారు. మొదటిది పూయగానే గుప్పుమనే వాసన. నిమ్మజాతి వాసనలు, పుదీనా వంటి చల్లని వాసనలు ఇక్కడివి. పది పదిహేను నిమిషాల్లో వీటి పని అయిపోతుంది. రెండోది పువ్వుల మజిలీ. గులాబీ, మల్లె, మొగలి ఇక్కడ పలుకుతాయి. ఇది రెండు మూడు గంటలు, కొన్నిసార్లు ఇంకొంచెం ఎక్కువ. మూడోది అడుగున మిగిలేది. గంధం, వట్టివేళ్ళు, ఊద్, కస్తూరి, అంబర్ పోలిక గల వాసనలు ఈ చివరి మజిలీలోవి.

స్ప్రే సెంట్లలో మద్యసారం ఎక్కువ పాలు ఉంటుంది. అది క్షణాల్లో ఎగిరిపోతూ పరిమళాన్ని ఒక్కసారిగా గదంతా చిమ్ముతుంది. నూనె అత్తరులో ఆ తోపుడు ఉండదు. అందుకే అది గట్టిగా అరవదు, నెమ్మదిగా మాట్లాడుతుంది. స్ప్రేల వాడకం గురించి ఉలమాల మధ్య అభిప్రాయ భేదాలున్నాయి. సందేహం ఉన్నవారు తమ ఆలిమ్‌ను అడిగి తెలుసుకోవచ్చు. నూనె అత్తరు విషయంలో ఆ ప్రశ్నే రాదు.

అతిథి, ఇంటి యజమాని

మళ్ళీ మా గులాబీ అత్తరు దగ్గరికి వద్దాం. అది గంధంగా ఎందుకు మారింది? సమాధానం ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్ పట్టణంలో ఉంది. గంగానది పరిసరాల్లోని ఆ ఊళ్ళో తరతరాలుగా అత్తరు తీస్తున్నారు. పెద్ద రాగి డేగిసాలో పూలు, నీళ్ళు పోసి, మూతను బంకమట్టీ దూదీ కలిపి గాలి పోకుండా మూసేస్తారు. కింద కట్టెల మంట. డేగిసా నుంచి వెదురు గొట్టం ఒకటి పక్కనే నీటితొట్టిలో దించిన మరో రాగి పాత్రలోకి వెళుతుంది. ఆ పాత్రను భప్కా అంటారు. పూల పరిమళాన్ని మోసుకొచ్చిన ఆవిరి అందులో చల్లబడుతుంది.

అసలు కిటుకు ఇక్కడే ఉంది. భప్కా ఖాళీగా ఉండదు. సంప్రదాయ పద్ధతిలో అందులో ముందే గంధపు నూనె పోసి ఉంచుతారు. వచ్చిన పరిమళం ఆ నూనెలో కలిసిపోతుంది. అడుగున చేరిన నీటిని వేరుచేసి మళ్ళీ డేగిసాలో పోస్తారు. మరునాడు కొత్త పూలు, మళ్ళీ అదే నూనె. నూనె పరిమళంతో నిండేవరకు ఇలా రోజుల తరబడి సాగుతుంది. నూనె ఆధారం లేకుండా పువ్వు సారాన్ని మాత్రమే తీస్తే దాన్ని 'రూహ్' అంటారు. రూహ్ అంటే ఆత్మ. కిలో గులాబీ రూహ్ కావాలంటే మూడు నాలుగు వేల కిలోల పూలు పట్టవచ్చు. మస్జిదు మెట్ల మీద అమ్మే ధరకు అది రాదని వేరే చెప్పాలా?

అంటే గులాబీ అత్తరులో గంధం కల్తీ కాదు. అది దాని పునాది. తేలికైన గులాబీని చేయి పట్టుకుని నిదానంగా నడిపించేది గంధమే. బరువైన నూనెలో కలిసినందువల్లే గులాబీ కొన్ని గంటలైనా నిలబడుతుంది. చివరికి గులాబీ వెళ్ళిపోతుంది, గంధం మిగులుతుంది. ఆ అత్తరు చాచా తర్వాత ఒకసారి మాకు ఇదే విషయం ఒక్క మాటలో చెప్పాడు. "గులాబీ అతిథి బాబూ, గంధం ఇంటి యజమాని. అతిథి వెళ్ళాక ఇంట్లో ఉండేది యజమానే కదా!"

ఈ విద్యలో ముస్లింల కృషి తక్కువేమీ కాదు. 9వ శతాబ్దంలో బాగ్దాద్‌లో జీవించిన అల్ కిందీ సుగంధాల తయారీ మీద వందకు పైగా విధానాలతో ఒక గ్రంథం కూర్చాడు. అక్బర్ ఆస్థానంలో సుగంధాలకు ఒక ప్రత్యేక విభాగమే ఉండేదని అబుల్ ఫజల్ ఐనె అక్బరీలో నమోదు చేశాడు. వేడి పన్నీటి మీద తేలిన నూనె తెట్టును సేకరించి గులాబీ అత్తరు తీసింది నూర్జహాన్ తల్లి అస్మత్ బేగం అని జహంగీర్ తన ఆత్మకథలో రాసుకున్నాడు. అత్తరు అన్న మన తెలుగు మాట కూడా అరబ్బీ 'ఇత్ర్' నుంచి వచ్చినదే.

మన పొరుగునే ఇంకో ఉదాహరణ ఉంది. శ్రీకాకుళం జిల్లా సరిహద్దు దాటితే వచ్చే ఒడిశాలోని గంజాం జిల్లా మొగలి అత్తరుకు దేశంలోనే పేరుపొందింది. కోస్తా ఇసుక నేలల్లో పెరిగే మొగలి పొదల పూలను అక్కడ కూడా రాగి డేగిసాల్లోనే బట్టీ పెడతారు. బిర్యానీలో, షీర్ ఖుర్మాలో రెండు చుక్కలు వేసే కేవ్డా నీళ్ళు ఈ పువ్వువే.

ఒకే శీసా, వేరు వేరు చేతులు

"మా అన్నకు పూస్తే ఎంత బాగుందో, నాకు పూస్తే అలా లేదు" అనేవారిని చూస్తుంటాం. ఇందులో నిజం ఉంది. పొడి చర్మం మీద అత్తరు త్వరగా తేలిపోతుంది. జిడ్డు చర్మం దాన్ని ఎక్కువసేపు పట్టి ఉంచుతుంది. ఒళ్ళు వేడిగా ఉంటే ఆవిరి వేగం పెరుగుతుంది. మణికట్టు, మెడ పక్క, చెవి వెనుక రక్తనాళాలు చర్మానికి దగ్గరగా ఉండి వెచ్చగా ఉంటాయి కాబట్టి అక్కడ పూస్తే పరిమళం బాగా లేస్తుంది. చెమట తన వాసనను తాను కలుపుతుంది. మన మే నెల ఎండల్లో పూసిన అత్తరు, డిసెంబరు చలిలో పూసిన అత్తరు ఒకే శీసాలోవైనా ఒకేలా ఉండవు.

పూసుకోగానే రెండు మణికట్లనూ గట్టిగా రుద్దడం చాలామందికి అలవాటు. రుద్దితే వేడి పుడుతుంది. మొదటి మజిలీ మరింత త్వరగా అయిపోతుంది. అద్ది వదిలేయడమే మంచిది. పెద్దవాళ్ళు అత్తరు దూదిని చెవి మడతలో పెట్టుకోవడం వెనుక కూడా ఒక తెలివి ఉంది. దూది చర్మమంత వేడెక్కదు. కాబట్టి పరిమళాన్ని కొంచెం కొంచెంగా వదులుతుంది. బట్ట మీద కూడా ఇలాగే ఎక్కువకాలం నిలుస్తుంది. అయితే తెల్ల కుర్తా మీద నూనె మరక పడితే అది వాసన కంటే ఎక్కువకాలం ఉంటుందని మరువకూడదు.

మొదటి వాసన మంచిగా ఉండి తర్వాత చెడిపోయే అత్తర్లు ఉన్నట్టే, మొదట ముక్కు చిట్లించుకునేలా ఉండి తర్వాత మనసు దోచేవీ ఉన్నాయి. ఊద్ ఇందుకు మంచి ఉదాహరణ. అగరు చెట్టుకు గాయమై బూజు సోకినప్పుడు తనను కాపాడుకోవడానికి అది లోపల ఒక జిగురు ఊరుస్తుంది. ఆ జిగురు పట్టిన కర్ర నుంచి తీసేదే ఊద్ నూనె. అస్సాం ఊద్ మొదట పశువుల కొట్టం గుర్తుకు వచ్చేలా ఘాటుగా ఉండవచ్చు. గంట గడిచాక తేనె, పొగ, పాత కలప కలిసినట్టు మృదువుగా మారుతుంది. గల్ఫ్‌లో పనిచేసి సెలవుకు వచ్చిన కొడుకు ఎంతో ఖర్చుపెట్టి తెచ్చిన ఊద్ శీసాను మూత తీసి వాసన చూసి "ఇదేం కంపురా!" అని పక్కన పడేసిన ఇళ్ళు మాకు తెలుసు. ఒక్క గంట ఓపిక పడితే కొడుకు ప్రేమ ఆ శీసాలోంచి బయటకు వచ్చేది.

అలసిపోయే ముక్కు

ఇక్కడ ఇంకో సంగతి చెప్పుకోవాలి. ఎంత గాఢమైన వాసనైనా కొంతసేపటికి మన ముక్కుకు అలవాటైపోతుంది. అత్తరు పోలేదు, ముక్కు పట్టించుకోవడం మానేసింది. ఇది తెలియక "అప్పుడే పోయిందే" అని మళ్ళీ పూసుకుంటాం. పక్కవాడికి మాత్రం మొదటిదీ రెండోదీ కలిపి తెలుస్తుంది. పైగా కొన్ని రకాల కస్తూరి వాసనలను అసలు పసిగట్టలేని ముక్కులు కూడా ఉంటాయి. అలాంటివారు తమకు తెలియడం లేదని శీసా ఒంపుకుంటే పక్కవారి పరిస్థితి ఏమిటి?

నమాజు వరుసలో భుజం భుజం కలిపి నిలబడతాం. సజ్దాలో పక్కవారి చేతికి మన ముఖం జానెడు దూరంలో ఉంటుంది. ఆ వరుసలో ఉబ్బసం ఉన్న పెద్దాయన ఉండవచ్చు, ఘాటైన వాసనకు తలనొప్పి వచ్చేవారు ఉండవచ్చు. పచ్చి ఉల్లి, వెల్లుల్లి తిని మస్జిదుకు రావద్దని దైవప్రవక్త (సఅసం) ఎందుకు వారించారు? తోటివారికి, దైవదూతలకు ఇబ్బంది కలగకూడదనే కదా! ఆ బోధన స్ఫూర్తి సువాసనకూ వర్తిస్తుందని మా అభిప్రాయం. ఒకటి రెండు చుక్కలు చాలు.

స్త్రీల విషయంలో ధర్మం మర్యాదకు ఒక హద్దు చెప్పింది. ఇంట్లో, భర్త ఎదుట, ఆడవారి మధ్య వారు సువాసన వాడుకోవడానికి అభ్యంతరం లేదు. బయటి పురుషుల మధ్యకు వెళ్ళేటప్పుడు వాసన వ్యాపించకుండా చూసుకోవాలి. పురుషుల సుగంధం వాసన తెలిసేదిగా రంగు తెలియనిదిగా, స్త్రీల సుగంధం రంగు తెలిసేదిగా వాసన తెలియనిదిగా ఉండాలన్న హదీసు తిర్మిజీలో ఉంది. ఆరే కొద్దీ మారే గుణం తెలిసి ఉంటే ఈ నియమం పాటించడమూ తేలికే. ఇంట్లో పూసుకున్నది ఏ వేళకు నెమ్మదిస్తుందో ఆ ఇల్లాలికే తెలుస్తుంది.

కుప్ప లోపలి తడి

అత్తరు మారడం సహజమని చెప్పాం. అయితే మోసం లేదని కాదు. ఒకసారి దైవప్రవక్త (సఅసం) బజారులో ధాన్యపు కుప్ప దగ్గర ఆగి లోపలికి చేయి పెట్టారు. వేళ్ళకు తడి తగిలింది. వాన పడిందని అమ్మేవాడు చెప్పుకున్నాడు. తడిసిన దాన్ని జనానికి కనిపించేలా పైన ఎందుకు పెట్టలేదని ఆయన నిలదీశారు. మోసగించేవాడు తనవాడు కాదని తేల్చి చెప్పారు. హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించిన ఈ సంఘటన ముస్లిం హదీసు గ్రంథంలో ఉంది.

అత్తరుకు పైభాగం మొదటి వాసన. లోపలి తడి గంటల తర్వాత తెలుస్తుంది. గంధపు చెట్టు లోపలి కలప పరిమళం పట్టడానికి ఏళ్ళూ పూళ్ళూ పడుతుంది. అడవుల్లో గంధం తరిగిపోయి ధర ఆకాశానికి ఎక్కడంతో ఇప్పుడు చాలా అత్తర్లకు పునాదిగా వాసన లేని ద్రవ పారాఫిన్ వంటి ఖనిజ నూనెలనో, రసాయన ద్రావకాలనో వాడుతున్నారు. వాటిపైన కృత్రిమ గులాబీ పరిమళం నాలుగు చుక్కలు. మొదటి పది నిమిషాలు అసలుకూ నకలుకూ తేడా పట్టుకోవడం కష్టం. గులాబీ వెళ్ళిపోయాక అసలు దానిలో గంధం పలుకుతుంది. నకిలీ దానిలో ఏమీ మిగలదు, లేదా ఒక చప్పని జిడ్డు వాసన మిగులుతుంది. అతిథి వెళ్ళాక చూస్తే ఇంట్లో యజమానే లేడన్నమాట.

కృత్రిమమైనదంతా పాపమని అనడం లేదు. తక్కువ ధరకు ఇంత మందికి సువాసన అందుతున్నది దానివల్లే. కృత్రిమమని చెప్పి అమ్మితే అది వ్యాపారం, అసలు గంధమని చెప్పి అమ్మితే అది మోసం.

కస్తూరి సంగతి మరీ స్పష్టం. కస్తూరి జింకకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఇచ్చింది. దాని కస్తూరి అమ్మడం, కొనడం నేరం. కస్తూరి వాసనకు మూలమైన మస్కోన్ నిర్మాణాన్ని లియోపోల్డ్ రుజిచ్కా 1926లో కనుగొన్నాడు. 1939లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఈనాడు బజారులో దొరికే 'మస్క్' అత్తర్లు సాధారణంగా ప్రయోగశాలలో పుట్టిన సుగంధాలే. "అసలు జింక కస్తూరి" అని ఎవరైనా చెవిలో చెబితే అతను అబద్ధమైనా ఆడుతుండాలి, చట్టమైనా మీరుతుండాలి. రెండింటిలోనూ మనకు మేలు లేదు.

కొనేటప్పుడు ఏం చేయాలి?

మొదటి వాసన మీద బేరం ఆడవద్దు. నమాజుకు ముందు ముంజేతికి ఒక గీత రాయించుకోండి. నమాజు అయ్యాక మళ్ళీ చూడండి. వీలైతే ఇంటికి వెళ్ళి మరుసటి జుమాకు వచ్చి కొనండి. నిజాయితీ ఉన్న వర్తకుడు దీనికి నొచ్చుకోడు.

ఒక చేతి మీద ఒకటే రాయించుకోండి. నాలుగు రకాలు ఒకేచోట రాస్తే ఏది ఏదో తెలియదు. మూడు నాలుగు వాసనలు చూసేసరికి ముక్కు అలసిపోతుంది. కాస్త దూరంగా వెళ్ళి మంచి గాలి పీల్చి రండి. కాగితం ముక్క మీద చూపించినది సగం నిజమే. కాగితానికి ఒంటి వేడి లేదు.

కొత్త అత్తరును మోచేతి లోపలివైపు కొద్దిగా రాసి ఒకటి రెండు రోజులు ఆగి చూడండి. దురద, ఎర్రదనం వస్తే వాడవద్దు. నిమ్మజాతి నూనెలు కొన్ని చర్మం మీద ఉండగా ఎండ తగిలితే బొబ్బలు, నల్లమచ్చలు వస్తాయి. అవి పూసుకుని ఎండలోకి వెళ్ళకండి. పసిపిల్లల లేత చర్మానికి అత్తరు పూయవద్దు.

శీసాను ఎండ తగలని, వేడి లేని చోట, మూత బిగించి పెట్టండి. నిమ్మ వంటివి గాలి తగిలితే త్వరగా చెడతాయి. గంధం, వట్టివేళ్ళు, ఊద్ మాత్రం సరిగా దాస్తే ఏళ్ళు గడిచేకొద్దీ చిక్కబడి మరింత సొంపుగా తయారవుతాయి.

మేము తీర్చుకున్న బాకీ

అత్తరు గురించి చదివి, తెలిసినవారిని అడిగి, ఇదంతా తెలుసుకున్న రోజున మాకు మొదట గుర్తొచ్చింది ఆ మస్జిదు మెట్లు. ఆయన మమ్మల్ని మోసగించలేదు. పైగా మా డబ్బు తిరిగి ఇచ్చాడు. మేము మాత్రం నలుగురిలో ఆయన నిజాయితీ మీద మరక వేసి వచ్చాం. దురనుమానాలకు దూరంగా ఉండమని, కొన్ని అనుమానాలు పాపమవుతాయని దివ్య ఖుర్ఆన్ (49:12) హెచ్చరిస్తోంది. ఆ ఆయతు మేము ఎన్నిసార్లు చదివామో! చదివినది చేతి దాకా రాలేదు.

వెళ్ళి విచారిస్తే ఇంకా బాధ కలిగించే సంగతి తెలిసింది. మా మాట విన్నవారిలో కొందరు ఆ తర్వాత ఆయన దగ్గర కొనడం మానేశారట. మాకు అది ఒక శీసా వ్యవహారం. ఆయనకు అది ఇంట్లో పొయ్యి వెలిగే వ్యవహారం.

ఒంటరిగా కలిసి క్షమాపణ అడిగితే సరిపోతుందనిపించింది మొదట. కానీ తప్పు నలుగురిలో జరిగింది. అందుకే జుమా నమాజు అయ్యాక అవే మెట్ల మీద నిలబడి, "ఆ రోజు మేము అన్నమాట తప్పు. ఈయన అమ్మింది సరైన సరుకే, తెలియనిది మాకే" అని బయటికి చెప్పాం. చెబుతుంటే గొంతు వణికింది. ఆయన తల దించుకుని శీసాలు సర్దుకుంటున్నాడు. "మాఫ్ చేయండి చాచా" అంటే, ఏమీ అనకుండా మా చేయి అందుకుని గాజు పుల్లతో ఓ గీత గీశాడు. అదే గులాబీ.

ఆ రోజు జొహర్‌కు గులాబీ, అసర్‌కు గులాబీతో కలిసిన గంధం, మగ్రిబ్‌కు ఒట్టి గంధం. ఆయన మొదటిసారి చెప్పిన వరుసలోనే అన్నీ వచ్చాయి. ఈసారి మేము ఓపికగా చూశాం.

మంచి స్నేహితుణ్ణి కస్తూరి అమ్మేవాడితో పోల్చారు దైవప్రవక్త (సఅసం). అతను ఇచ్చినా, మనం కొన్నా, ఊరికే పక్కన కూర్చున్నా కొంత సువాసన మనకు దక్కుతుంది. మనుషుల్ని తెలుసుకోవడానికి కూడా అత్తరును తెలుసుకున్నంత వ్యవధి కావాలి. మొదటి మాటకే మురిసిపోవద్దు, మొదటి మార్పుకే శంకించవద్దు. ఈ జుమాకు మీ మస్జిదు మెట్ల దగ్గర అత్తరు సాయిబు కనిపిస్తే ముందు సలామ్ చెప్పండి. ఆ తర్వాత చేయి చాపండి.